గోపికకు హిందీ రాదు

లక్నోలో అడుగుపెట్టిన పదకొండు రోజుల్లోనే గోపిక రెండు అద్దె ఇళ్లు పోగొట్టింది. పోగొట్టానని ఆమె ఇప్పటికీ ఒప్పుకోదు. ఆ ఇళ్లవాళ్లకే మనల్ని పెట్టుకునే యోగం లేదంటుంది. ఆమె మొగుడు బాబూరావు మాత్రం ఈ విషయంలో ఎవరేమన్నా తల అడ్డంగా ఊపుతాడు.

బాబూరావుది మాచర్ల. అక్కడి నాపరాయి క్వారీల్లో క్లీనరుగా మొదలుపెట్టి పొక్లెయిన్ నడపడం నేర్చుకున్నాడు. ఒక కాంట్రాక్టరు వెంట ఊళ్లు తిరుగుతూ రింగు రోడ్డు పని మీద లక్నో చేరాడు. ఆరు నెలలు సైటులో రేకుల షెడ్డులో పదిమందితో కలిసి ఉన్నాడు. అక్కడి వంటవాడు రోజూ వండే బంగాళాదుంపలు ఇక తినలేక, ఊరికి పోయి పెళ్లాన్ని తెచ్చుకున్నాడు. ఇద్దరికీ ఇల్లు కావాలి. ఊరి చివర కొత్తగా లేచిన కాలనీల్లో ఇళ్లకు కొదవ లేదు, ఇళ్లవాళ్లు అడిగే ప్రశ్నలకే అంతు లేదు.

మొదటి ఇంటాయన గేటు దగ్గరే నిలబెట్టి నాలుగు ప్రశ్నలు వేశాడు. ఏ కులం, ఏం తింటారు, చుట్టాలు ఎంతమంది వస్తారు, పిల్లల్ని ఎప్పుడు కంటారు. గోపిక మూడింటికి ఓపిగ్గా చెప్పింది. నాలుగోదానికి, అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు గదా, అందులో ఎట్లా సర్దుకోవాలో మీరే చెప్పండని అడిగింది. ఆయన గేటు వేసుకున్నాడు. రెండో ఇంటాయన, ఇంట్లో ఉల్లిపాయ వాసన రాకూడదు, ఆ వాసనకు మా అమ్మాయికి వాంతులవుతాయి అన్నాడు. గోపిక సంతోషంగా, ఎన్నో నెల అంది. ఆ అమ్మాయికి ఇంకా పెళ్లి కాలేదు.

ఆమెకు అంత హిందీ ఎక్కడిదంటే, అది గుల్జార్ బేగం పెట్టిన భిక్ష. మాచర్లలో వాళ్ల పక్క వాటాలో బేగం మిషను కుట్టేది. గోపిక పదేళ్ల వయసు నుంచీ ఆమె దగ్గర కూర్చుని కాజాలు కుట్టడంతో పాటు ఆమె ఉర్దూ మాటా నేర్చుకుంది. ఔనంటే హౌ, వద్దంటే నక్కో. లక్నో వాళ్ల చెవికి అది కొంచెం వింతగా తగిలేది గానీ, అర్థం కాకపోవడమంటూ లేదు. బాబూరావు బాధల్లా అదే.

మూడో ఇల్లు కుంజ్ విహార్ కాలనీలో. పద్నాలుగు ఇళ్ల వీధి, చివర పార్కు. మేడ మీద రెండు గదులు, వంటిల్లు, ముందు ఎండ పడే డాబా. కింద వాటాలో ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. బ్రోకరు గేటు తీస్తుంటే బాబూరావు గోపిక మోచేయి పట్టుకున్నాడు.

"ఇంట్లోకి పోయినాక నువ్వు నోరు తెరిస్తే ఇంక నా వల్ల గాదు. మాచర్ల బండి ఎక్కిస్తా."

ఇంటావిడ వచ్చింది. అరవై దాటిన మనిషి, తెల్లటి నూలు చీర, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ఆమె గోపిక వైపు తిరిగి ఏదో అడగబోతుంటే బాబూరావు అడ్డుపడి, తనకొచ్చిన ముక్కల హిందీలో, మా ఆవిడకు హిందీ రాదండీ అనేశాడు.

ఇంటావిడ మొహం వెలిగిపోయింది. బొత్తిగా రాదా అని అడిగింది. బొత్తిగా రాదన్నాడు. టీవీలో వచ్చేది కూడా అర్థం కాదా అని మళ్లీ అడిగింది. బొమ్మలు చూస్తుందన్నాడు. అంతకు ముందున్న అద్దెవాళ్ల ఆడమనిషి ఈ ఇంటి సంగతులన్నీ పద్నాలుగు ఇళ్లకూ మోసిందట. ఇంటావిడ ఇక ఏ ప్రశ్నా వేయలేదు. తాళంచెవి తెచ్చి గోపిక చేతిలో పెట్టింది. గోపిక మొగుడి వైపు ఒక చూపు చూసి, ఇంటావిడకు దండం పెట్టి, నోరు మూసుకుంది.

ఆమె పేరు కుసుమ్ అవస్థీ. ఆ సంగతి ఫోనులో చెబితే గోపిక తల్లి పోలమ్మ మాచర్లలో ముక్కు మీద వేలేసుకుంది. "పేరులోనే అవస్థ ఉంటే ఇంట్లో ఇంకేం ఉంటదే" అంది.

మొదట వారం రోజుల్లో నిజం చెప్పేద్దామనుకుంది గోపిక. కానీ హిందీ రాకపోవడంలో ఉన్న సుఖం రెండో రోజుకే తెలిసిపోయింది. కూరల బండివాడితో బేరం పెట్టక్కర్లేదు, వేళ్లు చూపిస్తే చాలు, వాడే జాలిపడి కొత్తిమీర ఊరికే వేసేవాడు. పక్కింటివాళ్ల ప్రశ్నలకు నవ్వితే సరిపోయేది. పైగా కింద ఏం జరగబోతోందో ఆమెకు ముందే తెలిసేది. అవస్థీ అమ్మగారు పనిమనిషి ఫూల్‌మతితో మెట్ల దగ్గరే నిలబడి అన్నీ చెప్పుకునేది. రేపటి నుంచి మోటారు ఏడింటికల్లా కట్టేస్తాను, పైవాళ్లు నీళ్లు తెగ వాడుతున్నారు అనేది. మర్నాడు ఆరున్నరకే గోపిక బిందెలు, బక్కెట్లు, చివరికి కుక్కరుతో సహా నిండిపోయి ఉండేవి. ఈ ఆదివారం పదింటికి చెప్పకుండా పైకి పోయి వంటిల్లు చూస్తాను, కోడిగుడ్లు వండుతున్నారేమోనని అనుమానంగా ఉంది అనేది. ఆదివారం పదింటికి ఆమె మెట్లెక్కి వచ్చేసరికి గోపిక అగరొత్తులు వెలిగించి, తలస్నానం చేసి, గోంగూర పప్పు తిరగమోత వేస్తూ ఉంది. గుడ్లు బాబూరావు డబ్బాలోకెక్కి అప్పటికే సైటుకు చేరిపోయాయి. అవస్థీ అమ్మగారు కూర్చుని పప్పన్నం తిని, పుల్లగా ఉందని పెదవి విరిచి, ఇంకో గరిటె వేయించుకుంది.

ఆవిడకు గోపిక మీద జాలి కలిగింది. పాపం నోరు లేని పిల్ల, నేనే నాలుగు మాటలు నేర్పుతానని రోజుకో వస్తువు చూపించి పేరు చెప్పించేది. ఉప్పు చూపించి నమక్ అంటే గోపిక బుద్ధిగా నమ్మకం అనేది. నీళ్లు చూపించి పానీ అంటే పోనీ అనేది. బియ్యం చూపించి చావల్ అంటే చావాల అనేది. అవస్థీ అమ్మగారు నుదురు కొట్టుకుని మళ్లీ మొదలుపెట్టేది. సాయంత్రం పార్కులో ఆడవాళ్లందరితో, మంచి పిల్లే గానీ బుర్ర తక్కువ అని గోపిక ముందే చెప్పేది. గోపిక నవ్వుతూ అందరికీ దండం పెట్టేది. ఇంటికొచ్చాక బాబూరావు దగ్గర ఒక్కొక్కళ్ల గొంతూ అనుకరించి చూపిస్తుంటే అతను కడుపు పట్టుకునేవాడు.

డిసెంబరులో చలి దిగింది. ఆ ఊళ్లో చలికాలం ఎండ అంటే జనానికి ప్రాణం. మధ్యాహ్నం కాగానే అవస్థీ అమ్మగారు బఠాణీకాయల బుట్ట, చాప పట్టుకుని గోపిక డాబా మీదికి వచ్చేది. ఇద్దరూ కాయలు ఒలుస్తూ కూర్చునేవాళ్లు. ఒకరోజు ఆవిడ ఉన్నట్టుండి మాట్లాడటం మొదలుపెట్టింది. ఎదుటి మనిషికి అర్థం కాదని తెలిశాక మనిషి ఎంత హాయిగా మాట్లాడగలదో గోపిక అప్పుడు చూసింది.

మొదట చిన్న చిన్న సంగతులు. రోజూ పొద్దున రామాయణం చదువుతానని వీధంతా అనుకుంటారు గానీ, నాలుగో పద్యానికే నిద్ర వస్తుందట. చనిపోయిన భర్త పెట్టే గురక మీద ఆమెకు ముప్ఫై ఏళ్లు కోపం ఉండేదట. ఇప్పుడా గురక లేక తెల్లారేదాకా మెలకువగా ఉంటుందట. తర్వాత ఒకరోజు ఆవిడ అటూ ఇటూ చూసి, గోపిక వైపు వంగి, గొంతు తగ్గించి చెప్పింది. అర్థం కాని పిల్లకు గొంతు తగ్గించడం ఎందుకో గోపికకు తెలియలేదు. భర్త రైల్వే ఉద్యోగం కలకత్తాలో చేసిన మూడేళ్లూ ఆవిడ పక్కింటి బెంగాలీ ఆవిడ దగ్గర చేపలు తిన్నది. ఇలిశ చేప, ఆవపిండి పులుసు. ముళ్లు తీయడం కూడా నేర్చుకుంది. తిన్నానన్న బాధ ఏ రోజూ లేదు, మళ్లీ దొరకలేదన్న బాధ మాత్రం ఉంది అంది. గోపిక నోట్లో ఉన్న బఠాణీ గొంతుకు అడ్డం పడింది. అవస్థీ అమ్మగారు వీపు నిమిరి నీళ్లు తాగించింది.

ఇది నవ్వుకునే సంగతే. కానీ అన్నీ అలాంటివి కావు. భర్త పోయిన తర్వాత ఈ ఇంట్లో, నీకేం కావాలి అని అడిగిన మనిషే లేడని ఒకరోజు చెప్పింది. ఆరోజు గోపిక ఒలిచిన గింజలు తొక్కల్లో, తొక్కలు గిన్నెలో వేసింది. ఆ వారం గుల్జార్ బేగంకు ఫోను చేసినప్పుడు, నవ్విద్దామనే జరుగుతున్నదంతా చెప్పింది. బేగం నవ్వలేదు.

"నేను నీకు మాట నేర్పింది మాట్లాడటానికే పిల్లా, ఇట్టా దాక్కొని ఇనటానికి కాదు. ఆ ముసలామె గుండెలో మాట చెప్పుకుంటా ఉంటే నువ్వు బఠాణీలు తింటా కూర్చున్నావా?"

రేపే చెప్పేస్తాననుకుంది గోపిక. కానీ ఏమని మొదలుపెట్టాలి? ఎనిమిది నెలలు విన్నదంతా ఒక్కసారిగా విన్నానని చెప్పడానికి ఏ భాషలోనూ మాట దొరకలేదు. రేపు ఎల్లుండి అయింది.

ఒక మంగళవారం అవస్థీ అమ్మగారు హనుమాన్ గుడికి పోయినప్పుడు ఆవిడ మరిది దినేశ్ అవస్థీ మెట్లెక్కి వచ్చాడు. పక్క మూల స్థలంలో ఉన్న మూడంతస్తుల ఇల్లు అతనిదే. కింద మందుల షాపు, పైన ఇద్దరు అద్దెవాళ్లు. వెంట బొజ్జ ఉన్న మరో మనిషి, చేతిలో టేపు. గోడలు చెమ్మెక్కాయేమో చూడాలని సైగ చేశాడు. గోపిక పక్కకు జరిగి బియ్యం ఏరుతూ కూర్చుంది. వాళ్లు చెమ్మ చూడలేదు. డాబా ఈ చివర నుంచి ఆ చివరికి కొలిచారు. రెండు స్థలాలూ కలిపితే ఎన్ని ఫ్లాట్లు లేస్తాయో అనుకున్నారు.

బొజ్జ మనిషి గోపికను చూపించి ఈమె వింటోందన్నాడు. ఈ మద్రాసీకి ఒక్క ముక్క రాదు, గోడ ముందు మాట్లాడినట్టే అన్నాడు దినేశ్. తర్వాత తీరిగ్గా చెప్పుకొచ్చాడు. రింగు రోడ్డు నుంచి ఒక లింకు రోడ్డు ఈ వీధిలోంచే వస్తుందని, ఇంటి ముందు సగం కొట్టేస్తారని వదినకు చెబుతాను. కాగితం రాకముందే వచ్చినకాడికి అమ్ముకోవడం మంచిదంటాను. కొనేది నా బావమరిదివి నువ్వేనని ఆమెకు తెలియనక్కర్లేదు, ఆమె నిన్ను నా పెళ్లిలో ఒక్కసారి చూసింది, అప్పుడు నీకు జుట్టుంది. ఇద్దరూ నవ్వుకున్నారు. గోపిక లేచి, రెండు గ్లాసులతో మంచినీళ్లు తెచ్చి, చిరునవ్వుతో "పోనీ" అని అందించింది.

సాయంత్రం బాబూరావు రాగానే విషయమంతా చెప్పి, నిజంగా రోడ్డు వస్తోందా అని అడిగింది. సైటులో సర్వేయరు ఫణీంద్ర నరసరావుపేట కుర్రాడు. బాబూరావు అతనికి ఫోను చేశాడు. ఫణీంద్ర మ్యాపు చూసి, లింకు రోడ్డు కాలవకు అవతల, నాలుగు కిలోమీటర్ల దూరంలో పోతుందని, కుంజ్ విహార్ పేరు ఏ కాగితంలోనూ లేదని చెప్పాడు.

బాబూరావు ఫోను పక్కన పెట్టి ఈ గొడవ మనకెందుకన్నాడు. "నువ్వు నోరు తెరిస్తే ఈ ఇల్లు కూడా పోద్ది. ఎనిమిది నెలలు మోసం చేశారని ఈదిలో నిలబెట్టుద్ది. ఈసారి యాడికి పోవాలి?"

"ఇన్నాళ్లూ ఆమె చెప్పుకున్నయ్యన్నీ ఇన్నా గదా బావా. ఇప్పుడు చెవులు మూసుకోమంటే ఎట్టా?"

ఖాళీ చేయాల్సి వస్తే సామాను వేసుకోవడానికి సైటు ట్రాలీ దొరుకుతుందేమో కనుక్కుంటానన్నాడు బాబూరావు.

బుధవారం మధ్యాహ్నం అవస్థీ అమ్మగారు బఠాణీల బుట్ట లేకుండా పైకి వచ్చింది. మరిది చెప్పాడని, రోడ్డులో ఇల్లు పోతుందని, ఆదివారం కాగితం మీద సంతకం పెట్టబోతున్నానని ఎటో చూస్తూ చెప్పింది. ఆయన ఉన్నప్పుడు వేసిన జామచెట్టు కూడా పోతుంది అంది.

గోపికకు ఇక ఆగబుద్ధి కాలేదు. అయినా నిజం ఒప్పుకోకుండా గట్టెక్కే దారి ఉందేమోనని చివరి ప్రయత్నం చేసింది. చేతులతో రోడ్డు గీసింది. పొక్లెయిన్ తొండంలా చెయ్యి ఊపి, ఇల్లు కూలినట్టు చూపించి, తల అడ్డంగా గట్టిగా ఊపింది. అవస్థీ అమ్మగారు కళ్లు పెద్దవి చేసి చూసింది. గోపిక మళ్లీ చేసి చూపించింది, ఈసారి బాబూరావు ఫొటో కూడా చూపించి. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బాబూరావు పొక్లెయిన్ రోడ్డు మీద బోల్తా పడిందని ఆవిడకు అర్థమైంది. గోపికను గట్టిగా కౌగలించుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఇంత చిన్న వయసులో ఇదేం రాత అంటూ ఆమె గాజుల చేతులు పట్టుకుంది. ఇంకాసేపైతే వీధినంతా పిలిచేలా ఉంది.

గోపిక ఆవిడ చేతులు విడిపించుకుని, బేగం నేర్పిన మాటల్లో చెప్పేసింది.

"మేరే మరద్‌కు కుచ్ నై హువా అమ్మాజీ. రోడ్డు నై ఆరా. తుమారా దేవర్ ఝూట్ బోల్రా."

నా మొగుడికి ఏం కాలేదు, రోడ్డూ రావడం లేదు, మీ మరిది అబద్ధం చెబుతున్నాడు. ఆ మూడు ముక్కలూ అయ్యాక ఆగకుండా మిగతాది కూడా చెప్పింది. టేపు, బావమరిది, ఫ్లాట్లు, కాలవ అవతల లింకు రోడ్డు, అన్నీ. అవస్థీ అమ్మగారు కళ్లద్దాలు పైకి తోసుకుంది. మరిది గురించి అడుగుతుందనుకుంది గోపిక. ఆవిడ అడిగింది అది కాదు.

"అయితే చేపల సంగతి కూడా విన్నావా?"

"ఏ చేపలమ్మా?" అంది గోపిక.

ఆవిడ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగిపోయింది. కింద తలుపు వేసిన చప్పుడు డాబా దాకా వినిపించింది.

రెండు రోజులు కింద నుంచి ఏ మాటా రాలేదు. మోటారు మాత్రం వేళకు ఆన్ అవుతోంది. ఫూల్‌మతి వచ్చి చెప్పులు పట్టుకుపోయింది. గోపిక సామాన్లు సర్దడానికి అట్టపెట్టెలు తెప్పించింది. తన మీద కోపం వస్తే రానీ, మరిది మాట నమ్మకుండా ఉంటే చాలని అనుకుంది గానీ, స్టీలు సామాను కాగితాల్లో చుడుతుంటే ఏడుపు ఆగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం అవస్థీ అమ్మగారు మెట్లెక్కి వచ్చి, అట్టపెట్టెలు చూసి, ఒకదాని మీద కూర్చుంది. పెట్టె కొంచెం కుంగింది. తను ఆటో కట్టించుకుని రోడ్ల ప్లాన్లు ఉండే అథారిటీ ఆఫీసుకు పోయానంది. నాలుగు కిటికీల దగ్గర తిప్పారట, చివరికి ఒక ఆఫీసరు మ్యాపు తెరిచి చూపించాడట. రోడ్డు లేదు. ఇక్కడ ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంది. ఆ తర్వాత గోపికను ఎనిమిది నెలలకు సరిపడా తిట్టింది. గోపిక అన్నీ వింది. ఈసారి అర్థమైనట్టు మొహం పెట్టి వింది.

తిట్లు అయ్యాక ఆవిడ గొంతు మార్చి, ఈ పెట్టెలు విప్పెయ్ అంది. ఒక షరతు పెట్టింది. ఇంకొన్నాళ్లు నీకు హిందీ రాదు. ఆదివారం దినేశ్ కాగితాలు పట్టుకుని వస్తాడు, నువ్వు నా హాల్లో కూర్చుని కూర ఒలవాలి, నేను టీ పెట్టడానికి లోపలికి పోయి తొందరగా రాను. గోపికకు ఆ అరవయ్యేళ్ల మొహంలో, బడి ఎగ్గొట్టే పిల్లలో కనిపించే వెలుగు కనిపించింది.

ఆదివారం దినేశ్, జుట్టు లేని బావమరిది వచ్చారు. గోపిక మెంతికూర కట్టలు ముందేసుకుని హాల్లో కింద కూర్చుంది. అవస్థీ అమ్మగారు అల్లం దంచుతున్న చప్పుడు వంటింట్లోంచి ఆగకుండా వస్తోంది. బావమరిది కంగారుగా ఉన్నాడు. ఇవాళే సంతకం అయిపోవాలి బావా, ఈ రోడ్డు మాట వీధిలో ఇంకొకరి చెవిన పడితే అందరూ ఆఫీసుకు పోయి అడుగుతారు, అప్పుడు మన పని అయిపోతుంది అన్నాడు. వదిన ఎవరికీ చెప్పదులే, నేను ఒట్టు వేయించుకున్నానని దినేశ్ అన్నాడు.

గోపిక కూర కడగడానికన్నట్టు వంటింట్లోకి పోయి, ఆవిడ చెవిలో ఆ మాట చేరవేసింది. అవస్థీ అమ్మగారు అల్లం దంచడం ఆపింది. ఆవిడ భుజాలు కదిలాయి. గోపిక భయపడి చూస్తే, ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

టీ కప్పులు తెచ్చిపెట్టి, మంచి రోజు చూసి సంతకం పెడతాను బాబూ, పంతులు పది రోజులు ఆగమన్నాడు అని మరిదికి చెప్పింది. వాళ్లు ఎంత నచ్చజెప్పినా పంతులు మాట దాటనంది. వాళ్లు గేటు దాటగానే శాలువా కప్పుకుని వీధిలోకి బయల్దేరింది.

తన ఇల్లు, మరిది ఇల్లు పోగా మిగిలిన పన్నెండు ఇళ్లకూ తనే పోయింది. ప్రతి ఇంట్లోనూ ముందు ఒట్టు వేయించుకుని, ఎవరికీ చెప్పొద్దని, మన వీధిలోంచి రోడ్డు వస్తోందట, మా దినేశ్‌కు లోపలి మనుషులు చెప్పారట అని చెప్పింది. నా ఇల్లు పోతే పోయింది, మూలనున్నది కాబట్టి పాపం మా మరిది ఇల్లే ముందు కొడతారు, నా బెంగంతా వాడి గురించే అని కళ్లొత్తుకుంది. తను ఒక్క మాట కూడా అబద్ధం ఆడలేదని ఆ తర్వాత గోపికతో వాదించింది. మా దినేశ్ చెప్పాడన్నాను, చెప్పాడు గదా అంది.

మర్నాడు పొద్దున్నే దినేశ్ గేటు ముందు తొమ్మిదిమంది నిలబడ్డారు. రోడ్డు ఎన్ని అడుగులు, ఎవరి గోడ దాకా వస్తుంది, నష్టపరిహారం ఇస్తారా, ఇంతకాలం మాకెందుకు చెప్పలేదు అని ఒకటే గోల. మధ్యాహ్నానికి మందుల షాపువాడు ఇంకోచోటు చూసుకుంటున్నానన్నాడు. సాయంత్రానికి పై అద్దెవాళ్లలో ఒకరు నెలాఖరుకు ఖాళీ చేస్తామన్నారు. రెండో రోజు కాలనీ సంఘం వాళ్లు పార్కులో మీటింగు పెట్టారు. రిటైరైన ఇంజనీరు ఒకాయన, ఏ శాఖ, ఏ ఆఫీసరు, ఏ కాగితం చూశావో చెప్పమని దినేశ్‌ను నిలదీశాడు.

దినేశ్ చలిలో కూడా చెమట తుడుచుకున్నాడు. తను పొరపాటున విన్నానని, రోడ్డేదీ లేదని గొణిగాడు. ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్న అవస్థీ అమ్మగారు, వెనకవాళ్లకు వినబడలేదు బాబూ, కొంచెం గట్టిగా చెప్పు అంది. అతను కుర్చీ ఎక్కి, రోడ్డు రావడం లేదని వీధికంతా వినబడేలా చెప్పాడు. పార్కు బెంచీ పక్కన శాలువా కప్పుకుని నిలబడ్డ గోపిక ఏమీ అర్థం కానట్టు అందరి మొహాలూ చూసింది. హమ్మయ్య, అయితే ఇల్లు అమ్మే పనే లేదు అంది అవస్థీ అమ్మగారు. దినేశ్ ఆమె వైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత గోపిక వైపు చూశాడు. ఆమె దండం పెట్టింది.

ఆ తర్వాత గోపికకు హిందీ చాలా తొందరగా వచ్చేసింది. రెండు నెలల్లో ఇంతలా మాట్లాడుతోందేమిటని పార్కులో ఆడవాళ్లు ఆశ్చర్యపోతే, నేర్పేవాళ్లు నేర్పితే ఎందుకు రాదని అవస్థీ అమ్మగారు కళ్లద్దాలు సర్దుకుంది. మాట్లాడటం మొదలయ్యాక ఇద్దరి మధ్యా పోట్లాటలు కూడా మొదలయ్యాయి. ముందు ఫూల్‌మతి ఎవరి బట్టలు ముందు ఉతకాలన్న దాని మీద, తర్వాత గేటు తాళం మీద. ఏప్రిల్‌లో పోలమ్మ పార్సిల్ పంపిన మిరపకాయలు పచ్చడికి ఆరబెడితే డాబా అంతా ఎర్రబడింది. తన అప్పడాలకు చోటు లేదని అవస్థీ అమ్మగారు గొడవకు దిగింది. నోరు లేనప్పుడే బంగారంలా ఉండేదానివి అంది. అద్దె మొత్తం డాబాకి తీసుకుని సగం డాబా ఇస్తానంటే ఎట్లా అని గోపిక నిలదీసింది. బాబూరావు ఇద్దరి మధ్యా పడి, సుద్దముక్కతో డాబా నడిమికి ఒక గీత గీశాడు. అటు అప్పడాలు, ఇటు మిరపకాయలు.

జూన్ చివర్లో పడ్డ మొదటి వానకు గీత కొట్టుకుపోయింది. మళ్లీ గీద్దామని బాబూరావు సుద్దముక్క తెచ్చాడు. పాత గీత నీళ్ల ట్యాంకుకు ఇవతల ఉండేదని అవస్థీ అమ్మగారు, కాదు అవతల ఉండేదని గోపిక. ఆ తగువు ఇంకా తేలలేదు. బాబూరావు సుద్దముక్కను కిటికీలో పెట్టి పనికి పోయాడు.